తూర్పు కనుమల రాళ్లను చదివిన తీరు: సుత్తి నుంచి ఐసోటోపు దాకా

ఒడిశాలోని బ్రాహ్మణి నది నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని ఒంగోలు పరిసరాల వరకు, బంగాళాఖాతపు తీరానికి ఇంచుమించు సమాంతరంగా దాదాపు 900 కిలోమీటర్ల పొడవున పరచుకొన్న తూర్పు కనుమల శిలా మేఖల ఒకప్పుడు భూపటలపు అడుగుభాగం. నేడు కొండలై నిలిచిన ఆ రాళ్లు, తమపై ఉన్న ఇరవై ముప్పై కిలోమీటర్ల మందపు రాతి కప్పు కోట్ల సంవత్సరాల పాటు పైకి లేస్తూ, అరుగుతూ, కొట్టుకుపోయిన తరువాతనే వెలుగు చూశాయి. విశాఖపట్నంలోని కైలాసగిరి, సింహాచలం కొండలు మొదలుకొని అరకు, పాడేరు, అనంతగిరి మన్యం వరకు కనిపించే శిలలలో అత్యధిక భాగం ఈ కోవకు చెందినవే.

శాస్త్రం వీటిని రూపాంతర శిలలు అంటుంది. అంతకు ముందు అవక్షేప శిలగానో అగ్నిశిలగానో ఏర్పడిన రాయి, భూగర్భంలోని వేడికీ ఒత్తిడికీ లోనై, పూర్తిగా కరిగిపోకుండానే తనలోని పాత ఖనిజాలను విడిచి కొత్త ఖనిజాలను కూర్చుకొంటే అది రూపాంతర శిల అవుతుంది. బొర్రా గుహలు తొలిచి ఉన్న రాయి అటువంటి మార్పు పొందిన సున్నపురాయే. ఇటువంటి రాయిని చేతికి తీసుకొన్న పరిశోధకుని ముందు నాలుగు ప్రశ్నలు నిలుస్తాయి: ఇది మార్పుకు ముందు ఏ రాయి, ఎంత లోతున మారింది, ఎంత వేడికి మారింది, ఎప్పుడు మారింది? ఈ నాలుగింటికీ జవాబు చెప్పగల పరికరం ఒక్కటీ లేదు. తూర్పు కనుమల మీద నూట పాతికేళ్లకు పైగా సాగిన పరిశోధన, ఒక పద్ధతి చేసిన పొరపాటును పక్క పద్ధతి దిద్దుతూ వచ్చిన చరిత్ర.

పేర్లు పెట్టిన కాలం

1851లో ఏర్పడిన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తొలి తరం ఉద్యోగులకు ఉన్న సాధనాలు సుత్తి, దిక్సూచి, భూతద్దం, స్థలపటం మాత్రమే. నెల్లూరు ప్రాంతపు శిలలపై 1880లోనూ, ప్రాణహిత–గోదావరి లోయపై 1881లోనూ గ్రంథాలు ప్రచురించిన విలియం కింగ్ తరం వారు, ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, దాని పొరలు ఏ దిక్కుకు వాలి ఉన్నాయో ఓపికగా నమోదు చేశారు. ఖనిజాలు చారలు చారలుగా అమరిన ముతక రూపాంతర శిలను నైస్ అంటారు. అప్పటి రచనలలో కనిపించే ‘బెజవాడ నైస్’ వంటి పేర్లు ఆ రాయి దొరికిన చోటును చెప్పాయే గాని, అది పుట్టిన తీరును చెప్పలేకపోయాయి.

పుట్టుకను గురించిన ఊహకు తొలిసారి ఆధారం ఇచ్చినది సూక్ష్మదర్శిని. ఇంగ్లండ్‌కు చెందిన హెన్రీ క్లిఫ్టన్ సార్బీ 1850 ప్రాంతంలో రాతి ముక్కను గాజు పలకకు అతికించి, కాంతి దూరిపోయేటంత పలుచగా అరగదీసి పరీక్షించే పద్ధతిని భూగర్భశాస్త్రంలోకి తెచ్చాడు. మిల్లీమీటరులో వందకు మూడు వంతుల మందానికి అరిగిన ఆ తునక గుండా ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే కాంతిని పంపినప్పుడు, ఒక్కొక్క ఖనిజం తనదైన రంగులను చూపి గుర్తు పట్టనిస్తుంది. ఖనిజాల పేర్లతో పాటు, ఏది ముందు పుట్టింది, ఏది దానిని చుట్టుముట్టింది, ఏది దేనిని తినివేసింది అనే వరుస కూడా అక్కడ కనిపిస్తుంది.

ఈ సాధనంతోనే భారత భూగర్భ సర్వేక్షణలో థామస్ హెన్రీ హాలండ్, కలకత్తా నగర స్థాపకుడిగా పేరుపడిన జాబ్ చార్నోక్ సమాధి మీది రాతిని పరీక్షించి, మద్రాసు సమీపంలోని సెయింట్ థామస్ మౌంట్, పల్లావరం కొండల రాయి అటువంటిదేనని గుర్తించి, 1893లో దానికి చార్నొకైట్ అని పేరు పెట్టాడు. 1900లో ఆ శిలా వర్గంపై సమగ్ర గ్రంథం వెలువరించాడు. హైపర్‌స్తీన్ అనే, ఇనుము, మెగ్నీషియం కలిగిన, నీరు లేని ఖనిజం దీని లక్షణం. రెండేళ్ల తరువాత, 1902లో, కెనడా నుంచి వచ్చి ఆ సంస్థలో పనిచేసిన థామస్ లియోనార్డ్ వాకర్, కలహండి సంస్థానపు శిలలను వర్ణిస్తూ, గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఖనిజాలతో, తరచు గ్రాఫైటుతో కూడిన మరొక రాతికి, ఆ కొండలలో నివసించే ఖోండు ప్రజల పేరు మీద ఖోండలైట్ అని పేరు పెట్టాడు. తూర్పు కనుమల రాళ్ల గురించి ఈనాటికీ ఈ రెండు పేర్లు లేకుండా మాట్లాడడం సాధ్యం కాదు.

పేర్లతో పాటే వివాదమూ మొదలైంది. ఖోండలైటులో అల్యూమినియం పాలు ఎక్కువ, బంకమట్టిలోనూ అంతే. గ్రాఫైటు శుద్ధమైన కర్బనం. బురదతో కలిసి పూడిపోయిన జీవ పదార్థం నుంచి అది వచ్చి ఉండవచ్చు. అందువల్ల ఖోండలైట్ ఒకనాటి సముద్రపు బురద అని వాకర్ చేసిన నిర్ణయానికి పెద్దగా ఎదురు రాలేదు. చార్నొకైట్ విషయం అలా కాదు. అది శిలాద్రవం చల్లబడి గట్టిపడిన అగ్నిశిల అని హాలండ్ భావించగా, సూక్ష్మదర్శినిలో కనిపించే ఆ అల్లికే రూపాంతరం వల్ల కూడా ఏర్పడవచ్చునని తరువాతి వారు వాదించారు. 1955లో ఆర్. ఎ. హౌయీ మద్రాసు చార్నొకైట్ల రసాయన కూర్పును విశ్లేషించి, అవి అగ్నిశిలలుగా పుట్టి ఆ తరువాత రూపాంతరం చెందినవని సూచించాడు. 1960లో సి. ఎస్. పిచ్చముత్తు, కర్ణాటకలోని ఒక క్వారీలో మామూలు నైస్ అక్కడక్కడ చార్నొకైటుగా మారుతున్న దశను చూపించాడు. 1971లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ టూరే, నార్వే శిలల ఖనిజాలలో చిక్కుకొన్న సూక్ష్మమైన ద్రవ బుడగలను పరీక్షించి, అటువంటి లోతులలో నీటికి బదులు బొగ్గుపులుసు వాయువు ఆధిక్యం వహించిందని తేల్చడంతో, రాయి నీటిని కోల్పోయి చార్నొకైటుగా మారే ప్రక్రియకు కారణం ఒకటి దొరికింది. చివరకు తేలినది ఏమిటంటే, చార్నొకైట్ అనే ఒక్క పేరు కింద ఒకటి కంటె ఎక్కువ పుట్టుకలు ఉన్నాయి. సూక్ష్మదర్శిని ఒక్కటే వాటిని విడదీయలేదు.

గార్నెట్ అనే బారోమీటరు

రాయి పుట్టుక తరువాతి ప్రశ్న, అది పొందిన వేడికీ ఒత్తిడికీ కొలత ఏది అన్నది. స్కాట్లండ్ కొండలలో జార్జ్ బారో 1893లో మొదలుపెట్టిన పరిశోధనలో, బంకమట్టి నుంచి పుట్టిన శిలలలో బయొటైట్, గార్నెట్, స్టారోలైట్, కయనైట్, సిల్లిమనైట్ ఒక క్రమంలో కనిపిస్తాయనీ, ఆ క్రమం పెరుగుతున్న వేడికి గుర్తు అనీ చూపించాడు. ఫిన్లండ్‌కు చెందిన పెంట్టి ఎస్కోలా 1915 నుంచి ఆ ఆలోచనను విస్తరించి, ఒకే రకమైన వేడి, ఒత్తిళ్ల కింద సమతుల్యానికి వచ్చిన శిలలన్నిటినీ ఒక ‘ఫేసీస్’గా, అంటే ఒక స్థితి వర్గంగా గుర్తించాలని ప్రతిపాదించాడు; 1939లో అతను చేర్చిన గ్రాన్యులైట్ ఫేసీస్‌లోకి తూర్పు కనుమల శిలలలో అధిక భాగం వస్తుంది.

ఈ ఆలోచనలకు సమాంతరంగా భారతదేశంలో ఒక స్వతంత్ర ప్రయత్నం జరిగింది; దాని నేపథ్యంలో ఉత్తరాంధ్ర గనులు ఉన్నాయి. విజయనగరం ప్రాంతంలోని కోడూరు, గరివిడి పరిసరాలలో 1892 నుంచి మాంగనీసు తవ్వకం సాగుతూ ఉండేది. దేశమంతటి మాంగనీసు నిక్షేపాలపై 1909లో బృహద్గ్రంథం ప్రచురించిన లూయిస్ లీ ఫెర్మోర్, కోడూరు గనులలో ధాతువుకు తోడుగా కనిపించిన వింత రాతికి ఆ ఊరి పేరు మీదనే కోడూరైట్ అని పేరు పెట్టి, దానిలోని మాంగనీసు, సున్నం, ఇనుము కలిసిన గార్నెట్‌కు స్పాండైట్ అనే పేరు కల్పించాడు. కోడూరైట్ శిలాద్రవం నుంచి పుట్టిన అగ్నిశిల అని ఫెర్మోర్ నమ్మాడు. తరువాతి పరిశోధకులలో ఎక్కువ మంది దానిని మాంగనీసు నిండిన అవక్షేపాలు రూపాంతరం చెంది, చుట్టుపక్కల శిలాద్రవాలతో కలిసి ఏర్పడినదిగా తీసుకొన్నారు. ఆ మార్పు తవ్వకందారులకు కూడా ముఖ్యమైనది. ధాతువు అవక్షేపపు పొరలను అనుసరించి ఉంటే దాని కోసం వెతకవలసిన దారి ఒకటి, శిలాద్రవపు చొరబాటును అనుసరించి ఉంటే మరొకటి.

1913లో ఫెర్మోర్ ఒక చిన్న వ్యాసంలో గార్నెట్‌ను భూగర్భ బారోమీటరుగా వాడవచ్చునని ప్రతిపాదించాడు. అతని తర్కం సరళమైనది: గార్నెట్, అదే రసాయన కూర్పును పంచుకోగల ఇతర ఖనిజాల సముదాయం కంటె సాంద్రమైనది, తక్కువ చోటులో ఇముడుతుంది, ఒత్తిడి పెరిగే కొద్దీ తక్కువ చోటు తీసుకొనే ఖనిజానిదే పైచేయి అవుతుంది, కాబట్టి గార్నెట్ ఉన్న రాయి లోతు నుంచి వచ్చినది. ఒక ఖనిజం ఉనికినే కొలమానంగా మలచిన ఈ ఆలోచన దాని కాలానికి ముందుచూపు గలది. అయితే గార్నెట్ అనేది ఒకే పదార్థం కాదు. ఇనుము, మెగ్నీషియం, మాంగనీసు, సున్నం వేర్వేరు పాళ్లలో కలిసే ఖనిజ కుటుంబం. మెగ్నీషియం గార్నెట్‌కు గొప్ప ఒత్తిడి అవసరం; మాంగనీసు గార్నెట్ తక్కువ ఒత్తిడిలోనూ పుడుతుంది. కోడూరులో ఫెర్మోర్ చేతికి వచ్చిన గార్నెట్ మాంగనీసుతో నిండినదే. బారోమీటరు అన్న మాట నిజం కావాలంటే గార్నెట్ ఉన్నదా లేదా అన్నది చాలదు, అందులో ఏది ఎంత ఉన్నదో తెలియాలి.

వాల్తేరు ప్రయోగశాల

ఆ ప్రశ్నకు జవాబు వెదికిన వారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర శాఖ ఒకటి. సి. వి. రామన్ వద్ద పరిశోధన చేసి, హైదరాబాద్ సంస్థాన భూగర్భ శాఖలో పనిచేసిన సి. మహదేవన్ 1940లలో వాల్తేరులో ఈ శాఖకు నాయకత్వం వహించాడు. భౌతికశాస్త్రం నుంచి వచ్చిన గురువు కావడం వల్ల, కొండల సర్వేతో పాటు ఎక్స్-కిరణాలు, రేడియోధార్మికత వంటి కొలతలకు అక్కడ మొదటి నుంచీ చోటు దొరికింది. మహదేవన్, ఎ. శ్రీరామదాస్ కలిసి 1948లో విశాఖపట్నం జిల్లా సముద్రతీరపు ఇసుకలోని మోనజైట్ గురించి ప్రచురించిన పత్రం ఆ ధోరణికి నిదర్శనం. మోనజైట్ అంటే సీరియం వంటి అరుదైన మూలకాల ఫాస్ఫేటు. అది థోరియాన్ని కూడా పట్టి ఉంచుతుంది. ఖోండలైట్ కొండలు అరిగి, వాటిలోని బరువైన ఖనిజాలు ఏళ్ల తరబడి అలల జల్లెడలో వేరుపడి, భీమునిపట్నం వైపు తీరాన ఎర్రని, నల్లని ఇసుక చారలుగా చేరాయి. నాటికి దాని విలువ థోరియం కోసం. ఆ ఖనిజమే కొన్ని దశాబ్దాల తరువాత శిలల వయసు చెప్పే గడియారం కాబోతున్నది.

1957లో శ్రీరామదాస్ ఒక అమెరికన్ ఖనిజశాస్త్ర పత్రికలో గార్నెట్‌పై ప్రచురించిన పటాలు, రెండు వేర్వేరు పద్ధతుల కొలతలను ఒక కాగితం మీద కలిపినవి. స్ఫటికంలో పరమాణువుల అమరిక పునరావృతమయ్యే అతి చిన్న గడి అంచు పొడవును ఎక్స్-కిరణాలతో కొలవవచ్చు. ఖనిజంలోకి ప్రవేశించిన కాంతి ఎంత వంగుతుందో చెప్పే వక్రీభవన గుణకాన్ని సూక్ష్మదర్శిని కింద కొలవవచ్చు. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ గార్నెట్ కూర్పును నిర్ణయించలేదు, ఎందుకంటే భిన్నమైన మిశ్రమాలు ఒకే విలువను ఇవ్వవచ్చు. కాని రెండు విలువలూ కలిసే బిందువు చాలా సందేహాలను తొలగిస్తుంది. గింజలను భూతద్దం కింద ఏరి, ద్రావకాలలో కరిగించి, మూలకం తరువాత మూలకాన్ని రోజుల తరబడి విశ్లేషించవలసి వచ్చిన ఆ రోజులలో ఇది ఎంతో శ్రమను ఆదా చేసింది.

ఆ శ్రమను పూర్తిగా మార్చివేసినది ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్. ఫ్రాన్సులో రెమో కస్తాంగ్ 1951లో తన పరిశోధన గ్రంథంలో వివరించిన ఈ యంత్రం, సన్నని ఎలక్ట్రాన్ కిరణాన్ని నునుపు చేసిన రాతి తునక మీద మిల్లీమీటరులో వెయ్యో వంతు మేర చోటున తాకించి, అక్కడి నుంచి వెలువడే ఎక్స్-కిరణాలను బట్టి ఏ మూలకం ఎంత ఉన్నదో చెబుతుంది. దీనివల్ల రాతిని నలగగొట్టవలసిన పని తప్పింది. ఒకే గార్నెట్ గింజ నడిబొడ్డుకూ అంచుకూ కూర్పులో తేడా ఉన్నదని, ఆ తేడా చెట్టు కాండంలోని వలయాల వలె పెరుగుదల చరిత్రను దాచి ఉంచుతుందని తెలిసింది. సూక్ష్మదర్శిని చూపించిన వరుసకు ఇప్పుడు అంకెలు తోడయ్యాయి.

వెయ్యి డిగ్రీల సాక్ష్యం

అంకెలను వేడిగా, ఒత్తిడిగా మార్చడానికి మరొక పద్ధతి కావలసి వచ్చింది: ప్రయోగశాలలో అదే వేడినీ ఒత్తిడినీ కల్పించి, ఏ ఖనిజాలు నిలుస్తాయో చూడడం. సిల్లిమనైట్, కయనైట్, ఆండలుసైట్ అనే మూడు ఖనిజాలకూ రసాయన సూత్రం ఒక్కటే. అవి మూడూ కలిసి నిలిచే స్థితి సుమారు 500 డిగ్రీల సెల్సియస్, నాలుగు కిలోబార్లకు కొంచెం లోపు అని 1971లో హోల్డవే ప్రయోగాలు తేల్చాయి. ఒక కిలోబార్ అంటే దాదాపు వెయ్యి వాతావరణాల పీడనం, అంటే సుమారు మూడున్నర కిలోమీటర్ల మందపు రాతి బరువు. ఖోండలైటులోని సిల్లిమనైట్ ఆ రాయి గొప్ప వేడిని చూసిందని చెబుతుంది, కాని ఎంత గొప్ప వేడి అన్నది చెప్పదు.

దానికి జవాబు సఫిరీన్ అనే నీలి ఖనిజంలో ఉన్నది. మెగ్నీషియం, అల్యూమినియం ఎక్కువగా, సిలికా తక్కువగా ఉండే ఈ ఖనిజాన్ని మొదట గ్రీన్‌లండ్ నుంచి 1819లో వర్ణించారు. విశాఖపట్నం మన్యంలో ఇది ఉన్నదని 1904లో సి. ఎస్. మిడిల్‌మిస్ తెలిపాడు, 1907లో వాకర్, కాలిన్స్ ఆ ప్రాంతపు శిలలను మరింత వివరంగా పరీక్షించారు. అయితే వారి కాలంలో అది అరుదైన ఖనిజం మాత్రమే. దాని ఉనికి ఏమి చెబుతుందో తెలిసే వీలు లేదు. 1968లో డాల్విట్జ్ అంటార్కిటికాలోని ఎండర్‌బీ లాండ్ శిలలలో సఫిరీన్, క్వార్ట్జ్ ఒకదానినొకటి తాకుతూ ఉండడం గమనించి ప్రకటించాడు. క్వార్ట్జ్ అంటే శుద్ధ సిలికా. సిలికా కొరతగా ఉండే సఫిరీన్ దాని పక్కనే నిలవాలంటే సుమారు వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాకా వేడి ఉండాలని, హెన్సెన్, గ్రీన్ 1970ల తొలినాళ్లలో మొదలుపెట్టిన ప్రయోగాలు, వాటి వెంట వచ్చిన ఇతరుల ప్రయోగాలు నిర్ధారించాయి.

1987లో ఆర్. కె. లాల్, అతని సహచరులు పాడేరు పరిసరాల శిలలలోనూ, 1990లో పులక్ సేన్‌గుప్తా, సోమనాథ్ దాస్‌గుప్తా బృందం అనంతగిరి శిలలలోనూ సఫిరీన్ సాక్ష్యాన్ని మూడు పద్ధతులతో కలిపి చదివారు. సూక్ష్మదర్శిని కింద ఒక ఖనిజం చుట్టూ మరొక ఖనిజం కంకణం వలె పెరిగిన తీరును బట్టి మార్పుల వరుసను నిర్ణయించారు. మైక్రోప్రోబుతో ప్రతి దశలోని ఖనిజాల కూర్పును కొలిచారు. ప్రయోగాల ఫలితాలతో పోల్చి ఆ కూర్పులను వేడి, ఒత్తిళ్లుగా మార్చారు. 900 డిగ్రీలను మించిన వేడిని, దాదాపు ముప్పై కిలోమీటర్ల లోతుకు తగిన ఒత్తిడిని ఈ కొండల రాళ్లు అనుభవించాయని ఆ అధ్యయనాలు చూపించాయి. భూపటలంలో ఆ లోతున మామూలుగా ఉండే వేడి అంతకంటె చాలా తక్కువ. అందువల్ల పాడేరు, అనంతగిరి, అరకు పరిసరాలు అత్యుష్ణ రూపాంతరానికి ప్రపంచంలోని ముఖ్యమైన ఉదాహరణలలో చేరాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉన్నది. గార్నెట్, బయొటైట్ ఖనిజాలు పక్కపక్కన ఉన్నప్పుడు ఇనుము, మెగ్నీషియం వాటి మధ్య పంచుకొనే తీరు వేడిని బట్టి మారుతుందని 1978లో ఫెర్రీ, స్పియర్ ప్రయోగాలతో చూపించిన తరువాత, ఈ జంట ఉష్ణమాపకంగా ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. కాని చాలా వేడెక్కిన రాయి నెమ్మదిగా చల్లబడేటప్పుడు ఆ రెండు ఖనిజాలూ పరమాణువులను మార్చుకొంటూనే ఉంటాయి. ఆ మార్పిడి ఆగిపోయిన నాటి వేడినే ఈ మాపకం చెబుతుంది. దాని ఒక్క మాటనే నమ్మి ఉంటే, వెయ్యి డిగ్రీలకు చేరువైన రాయిని ఏడెనిమిది వందల డిగ్రీల రాయిగా లెక్కించవలసి వచ్చేది. పాత పద్ధతి అయిన సూక్ష్మదర్శిని చూపిన సఫిరీన్–క్వార్ట్జ్ స్పర్శే ఈ కొత్త యంత్రపు అంకెను సరిదిద్దింది.

కాలం చెప్పే ఖనిజాలు

ఎంత వేడి, ఎంత లోతు అన్నది తెలిసినా ఎప్పుడు అన్నది తెలియకపోతే రాతి చరిత్ర చరిత్ర కాదు. యురేనియం తనంత తాను సీసంగా మారుతుంది. యురేనియం-238 లో సగం మారడానికి 447 కోట్ల సంవత్సరాలు, యురేనియం-235 లో సగం మారడానికి 70 కోట్ల సంవత్సరాలకు కొంచెం పైన పడుతుంది. ఒకే మూలకానికి చెంది బరువులో తేడా ఉన్న ఇటువంటి పరమాణువులనే ఐసోటోపులు అంటారు. రెండు గడియారాలు ఒకే ఖనిజంలో నడుస్తూ ఉండడం వల్ల, అవి చెప్పే సమయాలు సరిపోలుతున్నాయో లేదో చూసి ఆ వయసును నమ్మవచ్చునో కాదో తేల్చుకోవచ్చు.

1955లో ఆర్థర్ హోమ్స్ భారత ద్వీపకల్పపు ప్రాచీన శిలల వయసులను సమీక్షిస్తూ, తూర్పు కనుమలను ఏర్పరచిన పర్వత చలనాన్ని 160 కోట్ల సంవత్సరాల ప్రాంతంలో ఉంచాడు. వాల్తేరులో మహదేవన్ శిష్యుడైన ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ ఈ మార్గంలో తెలుగు నేల నుంచి వచ్చిన తొలి పరిశోధకులలో ఒకరు. 1956లో భారతదేశపు ప్రాచీన పర్వత చలనాల వయసులపై, 1964లో తూర్పు కనుమల, కడప శిలల ఐసోటోపు వయసులపై ఆయన పత్రాలు వెలువడ్డాయి. ఆనాటి వయసులు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి కారణం కొలతలోని లోపం మాత్రమే కాదు. ప్రతి ఖనిజపు గడియారమూ ఒక్కొక్క వేడి వద్ద నడక మొదలుపెడుతుంది: జిర్కాన్ చాలా గొప్ప వేడిలోనూ సీసాన్ని వదలదు, హార్న్‌బ్లెండ్ సుమారు 500 డిగ్రీల వద్ద, బయొటైట్ సుమారు 300 డిగ్రీల వద్ద, తమలోని పొటాషియం నుంచి పుట్టే ఆర్గాన్‌ను పట్టి ఉంచడం మొదలుపెడతాయి. మార్టిన్ డాడ్సన్ 1973లో ఈ సూత్రాన్ని గణితంగా స్థాపించాడు. అప్పటి నుంచి, ఒకే రాతిలో వేర్వేరు ఖనిజాలు చెప్పే వేర్వేరు వయసులు పరస్పర విరుద్ధాలు కావని, ఆ రాయి చల్లబడిన దారిలో నాటిన మైలురాళ్లని అర్థం చేసుకోవడం సాధ్యమైంది.

1986లో ఎడ్వర్డ్ గ్రూ, విలియం మాంటన్ ప్రచురించిన పత్రం ఈ కథలో ఒక మలుపు. సఫిరీన్ ఉన్న పాడేరు శిలలు, ఎండర్‌బీ లాండ్‌లోని నేపియర్ శిలలు ఖనిజాల దృష్టిలో అన్నదమ్ములవలె కనిపిస్తాయి. భారతదేశమూ అంటార్కిటికా ఒకప్పుడు గోండ్వానా మహాఖండంలో కలిసి ఉండి, సుమారు 13 కోట్ల సంవత్సరాల కిందట విడిపోయాయి కనుక, ఆ రెండూ ఒకే శిలా మేఖలకు చెందిన ముక్కలనుకోవడం సహజం. కాని నేపియర్ శిలల రూపాంతరం దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటిది; తూర్పు కనుమలలో గ్రూ, మాంటన్‌లకు దొరికిన వయసులు 100 కోట్ల సంవత్సరాలకు దగ్గరవి. అదే అంటార్కిటికాలో నేపియర్‌ను ఆనుకొని ఉన్న రేనర్ శిలల రూపాంతరం మాత్రం ఇంచుమించు ఈ కాలానిదే. ఖనిజాలు చూపిన పోలిక నిజమే, కాని అది ఒకే విధమైన వేడికి గుర్తు; బంధుత్వాన్ని నిర్ణయించినది వయసు. ఈనాడు తూర్పు కనుమల ఉత్తర భాగానికి జోడుగా చెప్పుకొంటున్నది రేనర్ శిలలనే.

పటం ఒక మాట, ఐసోటోపు మరొక మాట

కొండ మీది పటానికీ ప్రయోగశాలకూ మధ్య జరిగిన అతి ఫలవంతమైన వాదం 1990ల చివర సాగింది. దశాబ్దాల సర్వేను క్రోడీకరించి 1998లో ఎం. రామకృష్ణన్, జె. కె. నందా, పి. ఎఫ్. అగస్టీన్ ఇచ్చిన విభజనలో తూర్పు కనుమలు తీరానికి సమాంతరంగా, పొడవాటి పట్టీలుగా కనిపిస్తాయి: పడమర అంచున చార్నొకైట్ ప్రధానమైన పట్టీ, దాని పక్కన ఖోండలైట్ పట్టీ, నడుమ కరిగి కలిసిన మిశ్రమ శిలల పట్టీ, తూర్పున మళ్లీ ఖోండలైట్ పట్టీ. రాళ్ల రకాన్ని బట్టి గీసిన ఈ పటంలో గోదావరికి ఇరువైపులా పట్టీలు కొనసాగుతున్నట్టే ఉంటాయి.

మరుసటి ఏడాది, 1999లో, క్లాస్ మెజ్గర్, మైకేల్ కోస్కా ప్రచురించిన వయసులు వేరే గీత గీశాయి. గోదావరికి దక్షిణాన, ఒంగోలు వైపు, శిలలు 160 కోట్ల సంవత్సరాల నాటి రూపాంతరాన్ని భద్రంగా దాచుకొన్నాయి. ఉత్తరాన 95 కోట్ల సంవత్సరాల ప్రాంతపు రూపాంతరం ఆధిక్యం వహించింది. కొన్ని చోట్ల 50, 55 కోట్ల సంవత్సరాల నాటి తరువాతి వేడి ఆనవాళ్లు కూడా ఉన్నాయి. 2001లో రికర్స్, మెజ్గర్, రైత్ నియోడిమియం, సీసం ఐసోటోపులతో, ఈ శిలలలోని పదార్థం మొదట భూమి లోపలి పొర నుంచి ఎప్పుడు వేరుపడిందో లెక్కించి, మేఖలను భిన్నమైన ఖండాలుగా విడదీశారు. 2003లో డోబ్‌మైయర్, రైత్ ఈ రెండు దృష్టులనూ కలిపి, కృష్ణా, తూర్పు కనుమలు, జయపురం, రెంగాలి అనే నాలుగు ప్రాంతాల విభజనను ప్రతిపాదించారు. ఇందులో సర్వే పటం తప్పని ఎవరూ అనలేదు. ఒకే రకమైన బురద, ఒకే స్థాయి వేడి, రెండు వేర్వేరు కాలాలలో ఒకే రకమైన రాతిని తయారు చేయగలవని మాత్రమే తేలింది. హోమ్స్ చెప్పిన 160 కోట్ల సంవత్సరాలకూ, గ్రూ, మాంటన్ చెప్పిన 100 కోట్ల సంవత్సరాలకూ మధ్య ఉన్నట్టు కనిపించిన వైరుధ్యం కూడా దీనితోనే సడలిపోయింది.

చివరి అడుగు, వయసునూ వేడినీ ఒకే గింజలో చదవడం. ఆస్ట్రేలియాలో విలియం కాంప్‌స్టన్ నాయకత్వంలో 1980 నాటికి సిద్ధమైన ష్రింప్ అనే యంత్రం, అయాన్ల కిరణంతో జిర్కాన్ గింజ మీద మిల్లీమీటరులో వందకు రెండు మూడు వంతుల చోటును తాకి అక్కడి వయసును చెబుతుంది. దానివల్ల గింజ నడిబొడ్డు వయసు ఒకటి, అంచు వయసు మరొకటి కావచ్చునని తెలిసింది. మోనజైటులోని యురేనియం, థోరియం, సీసాలను మైక్రోప్రోబుతోనే కొలిచి వయసు కట్టే పద్ధతితో సిమ్మట్, రైత్ 2008లో తూర్పు కనుమలంతటా వయసుల పటం గీశారు. ఇక్కడ గార్నెట్ మళ్లీ ప్రవేశిస్తుంది: ఇట్రియం అనే మూలకాన్ని గార్నెట్ ఆశగా లాగుకొంటుంది కనుక, గార్నెట్ పెరుగుతున్న కాలంలో పుట్టిన మోనజైటులో ఇట్రియం తక్కువగా, గార్నెట్ చెదిరిపోయిన తరువాత పుట్టిన మోనజైటులో ఎక్కువగా ఉంటుంది. ఒక వయసు ఏ సంఘటనకు చెందినదో ఈ విధంగా నిర్ణయించే విద్యనే నేడు పెట్రోక్రోనాలజీ, అంటే శిలా కాలనిర్ణయం అంటున్నారు. గార్నెట్ సాక్ష్యం చెబుతుందని 1913లో ఫెర్మోర్ చేసిన ఊహ, అతను ఎరగని దారిలో ఈ విధంగా సార్థకమైంది.

ఈ చరిత్ర పొడవునా ఏ కొత్త పరికరమూ పాత పరికరాన్ని తొలగించలేదు. సర్వే పటం లేనిదే ఏ రాతిని కొలవాలో తెలియదు, సూక్ష్మదర్శిని లేనిదే ఏ గింజను కొలవాలో తెలియదు, మైక్రోప్రోబ్ లేనిదే ఆ గింజ పుట్టిన స్థితి తెలియదు, ఐసోటోపు లేనిదే దాని కాలం తెలియదు. భీమునిపట్నం తీరంలోని ఇసుక నుంచి ఏరిన ఒక మోనజైట్ గింజ ఈనాడు కూడా తన వయసును కచ్చితంగా చెప్పగలదు; కాని అది ఏ కొండ నుంచి వచ్చిందో, ఏ గార్నెట్ పక్కన పెరిగిందో, ఎంత వేడిని చూసిందో చెప్పలేదు, ఎందుకంటే ఆ సాక్ష్యమంతా తాను పుట్టిన రాతిలోనే ఉండిపోయింది.